‘నడుస్తుంది’కి ఎనిమిది పాళ్ళు

ఆ ఆఫీసులో నా కంట్లో మొదట పడింది కిటికీ పక్కనున్న కుర్చీ. గాలి, వెలుతురు, కింద రోడ్డు మీద వచ్చే పోయే రిక్షాలు, అన్నీ ఆ కుర్చీకే. అందులో కూర్చున్న ఆవిడ నన్ను చూసి నవ్వి, కొంచెం జరిగి, పక్కనున్న స్టూలు మీద చోటు చూపించింది. ఆ చూపించడం కూడా నాకు నచ్చలేదు. తనదేదో నాకు ధర్మం చేస్తున్నట్టు తోచింది.

అది 1972. నాంపల్లి స్టేషనుకు వెళ్ళే రోడ్డు మీద, కళ్ళద్దాల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది మా ఆఫీసు. ఒక ధర్మాసుపత్రి తరఫున నడిచేది. పక్షవాతం వచ్చి, ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి ఇళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు ఆ తర్వాత ఎలా బతుకుతున్నారో కొలవడం మా పని. ఎన్నాళ్ళు బతికారో ఏ ఆసుపత్రి అయినా చెబుతుంది, ఎలా బతికారో కూడా అంకెల్లో చెప్పాలని మా డాక్టరుగారి పట్టుదల. ఆయన గుంటూరు వైపు మనిషి. విదేశంలో చదువుకుని ఈ పద్ధతిని వెంటబెట్టుకొచ్చారు. నిండు ఆరోగ్యంతో గడిచిన ఏడాదికి పదికి పది పాళ్ళు. మంచాన పడి, ఇంకొకరు తినిపిస్తే తిని గడిపిన ఏడాదికి రెండో మూడో. అయిదు పాళ్ళ చొప్పున రెండేళ్ళు బతికితే అది ఒక మంచి ఏడాదితో సమానం. మొదట్లో వినడానికే నాకు ఒళ్ళు జలదరించింది. నెల తిరిగేసరికి బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్ళకు కూడా మనసులోనే పాళ్ళు వేసేదాన్ని.

ఆ పాళ్ళను బట్టి ఒక ముఖ్యమైన సంగతి తేలేది. ఆరు పాళ్ళ లోపు వచ్చిన మనిషి ఇంటికి వ్యాయామం చేయించే నర్సు వారానికి రెండుసార్లు వెళ్ళేది. ఆరు దాటితే వెళ్ళేది కాదు. నర్సు ఒక్కతే, ఇళ్ళేమో బోలెడు. చచ్చుబడ్డ చెయ్యీ కాలూ మళ్ళీ కదలాలంటే మొదటి కొన్ని నెలలే ముఖ్యమని, ఆ తర్వాత కీళ్ళు బిగుసుకుపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరని డాక్టరుగారు మాకు మొదటి రోజే చెప్పారు.

నేను బందరు పిల్లని. నాన్న సర్కారు గుమాస్తా. 1956లో ఆఫీసులు కర్నూలు నుంచి హైదరాబాదు తరలినప్పుడు ఫైళ్ళతో పాటు మేమూ తరలాం. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. అబిడ్స్‌లో స్కూలు, తర్వాత కాలేజీ, స్టాటిస్టిక్స్‌లో ఫస్టు క్లాసు. మా వీధిలో అంత చదివిన ఆడపిల్లని నేనే. చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద నా వేళ్ళు పరిగెడుతుంటే డాక్టరుగారు నిలబడి చూసేవారు. కిటికీ పక్క ఆవిడకేముంది? అఫ్జల్‌గంజ్‌లో బడిపంతులు కూతురు. మెట్రిక్ పాసై, ఇంటింటికీ తిరిగి టీకాలు వేసే పనిలో పదేళ్ళు చేసి మా దగ్గరకు వచ్చింది. సగటు ఎలా తీస్తారో తెలుసుగానీ ఎందుకు తీస్తారో తెలియదు. అయినా ఏ సంగతి వచ్చినా డాక్టరుగారు ముందు ఆవిడ వైపు తిరిగి, “మీరేమంటారు?” అనేవారు. నా వైపు తిరిగేది యంత్రం తిప్పాల్సి వచ్చినప్పుడే.

ఒళ్ళు మండకేం చేస్తుంది?

దాచుకోవడం దేనికి, నేను కుళ్ళిపోయాను. ఆవిడ గంజి పెట్టిన చీరను చూసి కుళ్ళాను. ఉర్దూ, తెలుగు ఒకే వాక్యంలో కలిపి మాట్లాడి ఎవరినైనా నవ్వించగలగడం చూసి కుళ్ళాను. ఆవిడ ఏ ఇంటికి వెళ్ళినా చాప పరిచి, చాయ్ ఇచ్చి కూర్చోబెట్టేవారు. నేను వెళితే కుర్చీ వేసి, పమిట సర్దుకుని, ఇన్‌స్పెక్టరు వచ్చినట్టు నిలబడేవారు. ఆ రోజుల్లో నా యాస చెవిన పడగానే కొందరి ముఖాలు మారేవి. అది నా తప్పు కాదు కదా అని ఇంటికెళ్ళి అమ్మ దగ్గర ఏడ్చేదాన్ని. అమ్మ మాత్రం, చాయ్ ఇచ్చేవాళ్ళ మీద పడి ఏడవడం ఎందుకు, ఇంట్లో కాఫీ ఉందిగా, తాగి పడుకోమనేది.

మేం అడగాల్సిన వాటిలో ఒక చిక్కు ప్రశ్న ఉండేది. ఇప్పుడున్న స్థితిలోనే పదేళ్ళు బతకడమా, నిండు ఆరోగ్యంతో ఏడేళ్ళు బతకడమా, ఏది కోరుకుంటారని. మనిషి ఎన్నేళ్ళు వదులుకోవడానికి సిద్ధపడితే ఆ జబ్బు అంత బరువన్నమాట. నేను అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివేదాన్ని. అఫ్జల్‌గంజ్‌లో ఒక ముసలావిడ, నా ఏండ్లు అడుగుతందుకు నువ్వెవరమ్మా అని తలుపు వేసేసింది. మా ఆఫీసు ఆవిడ అదే ప్రశ్నను మొజంజాహీ మార్కెట్‌లో బేరంలా అడిగేది. మచ్చలున్న బత్తాయిలు పది కావాల్నా, మంచివి ఏడు కావాల్నా అని. జనం నవ్వేవారు, ఆలోచించేవారు, జవాబు చెప్పేవారు. ఒకసారి లక్డీకాపూల్‌లో ఒక ముసలాయన దగ్గర నేనూ ఆ బత్తాయిల మాట ఎత్తాను. ఆయన తనకు షుగరుందని, పళ్ళు వద్దని చెప్పారు. ఆవిడకు అది చెబితే కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింపు లేదని ఇప్పుడు తెలుసు, ఆ రోజు మాత్రం అన్నం సయించలేదు.

మేం ఒకరి పని ఒకరు సరిచూసుకోవడానికి, ప్రతి పదో ఇంటికీ ఇద్దరం విడివిడిగా వెళ్ళాలనే నియమం ఉండేది. అలాంటి ఒక ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో ఉంది. అక్కడ ఉండేది అబిడ్స్ టైలర్లకు కాజాలు కుట్టే ఒకామె. యాభై అయిదేళ్ళుంటాయి. కుడివైపు పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి నెలయింది. తోడు ఉండే చెల్లెలు పగలంతా ఒక టైలరు దుకాణంలో పనికి వెళ్ళేది.

నేను వెళ్ళేసరికి ఆమె గుమ్మానికి ఎదురుగా మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని కళకళలాడుతోంది. నేను ఫారం తీసి నడక ఎలా ఉందండీ అని అడిగాను.

“నడుస్తుంది బిడ్డా,” అంది.

రాసుకున్నాను. ఇంట్లో పనులు చేసుకోగలుగుతున్నారా అంటే, అయితున్నయి అంది. నొప్పులేమైనా ఉన్నాయా అంటే ఏం ఫికర్ లేదంది. కుడిచెయ్యి చీర చెంగు కింద ఉంది. చూపించమని నేను అడగలేదు, ఫారంలో ఆ ప్రశ్న లేదు. ఆ రోజు ఇంకా నాలుగిళ్ళు చూడాలి, ఎండ మాడిపోతోంది. ఆఫీసుకు వచ్చి యంత్రం తిప్పితే ఎనిమిది పాళ్ళు తేలింది. ఆ వారంలో అదే అందరికన్నా పెద్ద అంకె. డాక్టరుగారు చూసి బావుందన్నారు. నేను పొంగిపోయాను.

తర్వాతి వారం ఆవిడ అదే ఇంటికి వెళ్ళి తెచ్చిన కాగితంలో మూడు పాళ్ళున్నాయి.

డాక్టరుగారు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి మా ఇద్దరినీ పిలిచారు. ఎనిమిదెక్కడ, మూడెక్కడ? ఏది ఉంచాలో తేల్చమన్నారు. ఆవిడ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. తను ఎట్లున్నవని అడగలేదట. పొద్దున మొఖం కడుక్కోవడానికి నీళ్ళెవరు తెస్తారని, జడ ఎవరు వేస్తారని, చెల్లెలు పనికి పోయాక దాహమైతే ఏం చేస్తావని అడిగిందట. దాహమైతే చెల్లెలు వచ్చేదాకా ఆగుతానందట ఆ మనిషి.

“మరి ఈమెతో నడుస్తుందని ఎందుకన్నట్టు?” అన్నారు డాక్టరుగారు.

“నడిస్తే ‘నడుస్తున్న’ అంటది సార్. ‘నడుస్తుంది’ అంటే దినాలు ఎల్లిపోతున్నయి అని. ఇంటికి వచ్చినోళ్ల ముందల తన కష్టాలు ఎందుకు చెప్తది? ఆమె జవాబు చెప్పలే సార్, మర్యాద చేసింది.”

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. పదహారేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్నదాన్ని. మా ఇంటి యజమాని, పాలవాడు, స్కూల్లో నా పక్కన కూర్చున్న పిల్లలు, అందరి నోటా ఆ మాట వేలసార్లు విన్నాను. ఆ ఇంట్లో తొందరలో తప్పు రాసిన మాట నిజం. కానీ ఆవిడ నోరు తెరిచిన మరుక్షణం నాకు అంతా అర్థమైపోయింది. ఆ ఒక్కమాటా ఒప్పుకుంటే చాలు. కానీ అప్పుడు డాక్టరుగారు ఆవిడ వైపు చూస్తున్న చూపు నేను చూశాను. అలాంటి చూపు నాకెప్పుడూ దక్కలేదు. దాంతో నా నోట వేరే మాటలు వచ్చాయి.

మేం కోస్తావాళ్ళం, మాకు నడవడమంటే నడవడమే అన్నాను. అచ్చువేసిన ప్రశ్న అచ్చువేసినట్టు అడగాలని, చెప్పిన మాట చెప్పినట్టు రాయాలని నియమం పెట్టింది మీరే కదా అన్నాను. చాపేసుకు కూర్చుని, చాయ్ తాగి, ప్రశ్నలు మార్చి, జాలిపడి పాళ్ళు తగ్గిస్తే ఇక కొలత ఎందుకన్నాను. అన్నీ స్టాటిస్టిక్స్ మాటలే, ఒక్కటీ తప్పు కాదు. డాక్టరుగారికి యాస సంగతి తెలియదు, పద్ధతంటే ప్రాణం. చాలాసేపు ఆలోచించి, నియమం ప్రకారం ఎనిమిదే ఉంచాలన్నారు. అంటే నర్సు ఆ ఇంటికి వెళ్ళదు. నేను యంత్రం దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. ఆ సాయంత్రం అబిడ్స్ మీదుగా ఇంటికి నడిచి వెళుతూ పాట కూడా పాడుకున్నాను.

గెలిచాక ఊరుకున్నానా, లేదు. ఆవిడ రోజూ ఆఫీసు అయ్యాక అఫ్జల్‌గంజ్ బస్సెక్కకుండా స్టేషను వైపు నడవడం నా కంటపడింది. చేతిలో గుడ్డసంచి. నాలుగో రోజు వెనకాల వెళ్ళాను. సందు మొదట్లో నిలబడి చూస్తే తలుపు తీసే ఉంది. ఆవిడ నేల మీద తొట్టి పెట్టి, వేడినీళ్ళలో ఆ మనిషి కుడిచెయ్యి ముంచి, ఒక్కొక్క వేలూ తెరుస్తోంది. నర్సు చేసే పని నేర్చుకుని తనే చేస్తోందన్నమాట. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. నా ముందు ఏం ఫికర్ లేదన్న మనిషి ఆవిడ ముందు నొప్పికి అబ్బా అని మూలిగి, ఆవిడను తిట్టి, మళ్ళీ నవ్వింది. నిజమైన మూలుగు, నిజమైన తిట్టు ఆవిడకు దక్కాయి. నాకు దక్కింది మర్యాద. అక్కడ నిలబడి నా కళ్ళలో నేనే నిప్పులు పోసుకున్నాను.

మర్నాడు డాక్టరుగారికి చెప్పాను. చాడీలా చెప్పలేదు, అంత తెలివితక్కువదాన్ని కాదు. నర్సు వెళ్ళని ఇంట్లో మనవాళ్ళే వైద్యం చేస్తుంటే ఆ ఇంటి కొలత చెడిపోతుంది కదండీ అని, పుస్తకంలో సందేహం అడిగినట్టు అడిగాను. ఆయన నొచ్చుకున్నారు. ఆవిడను పిలిచి మందలించలేదు కానీ, మూడు నెలలపాటు సికింద్రాబాదు అవతలి ఇళ్ళన్నీ ఆవిడకే అప్పగించారు. ఆ ఇళ్ళ పని అయ్యేసరికి చీకటి పడేది, ఇక నాంపల్లి సందుకు వచ్చే వీలు లేదు. కిటికీ పక్క కుర్చీ ఖాళీ అయింది. నేను కూర్చున్నాను. గాలి బాగా వచ్చేది.

మూడు నెలల తర్వాత మళ్ళీ చూసిరావలసిన ఇళ్ళలో ఆ ఇల్లు నా వంతుకు వచ్చింది.

ఆమె అదే మంచం మీద, అదే దిండుకు ఆనుకుని ఉంది. నేను గుమ్మంలోకి రాగానే నన్ను గుర్తుపట్టింది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ గోడకు దూరంగా ఉంది. దాన్ని నా కోసం జరపాలని లేవబోయింది. వద్దండీ అనేలోపే ఎడమకాలు నేల మీద పెట్టి, కుడికాలు రాక, మంచం పట్టె మీదుగా పక్కకు జారి నేల మీద పడింది. నేను పరిగెత్తి భుజాల కింద చేతులేసి ఎత్తబోయాను. బరువు ఎత్తలేక నేనూ కూలబడ్డాను. ఇద్దరం నేల మీదే ఉన్నాం. చెంగు పక్కకు పోయింది. కుడిచెయ్యి బయటపడింది. నాలుగు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకుపోయి, గోళ్ళు చర్మంలో దిగబడి, పుండ్లు పడ్డాయి.

“ఏం గాలె బిడ్డా,” అంది ఆమె, ఊపిరి అందకుండానే. “మంచిగనే ఉన్న. నువ్వు కూసో.”

పక్కింటివాళ్ళను పిలిచి ఆమెను మంచం మీదికి చేర్చాను. ఆ రోజు ఫారం తియ్యలేదు. తిన్నగా ఆఫీసుకు నడిచాను. డాక్టరుగారు వెళ్ళిపోవడానికి సంచీ సర్దుకుంటున్నారు.

“నాంపల్లి కాజాల ఆవిడకు నేనిచ్చిన ఎనిమిది తప్పండీ,” అన్నాను. “ఆమె నడవలేదు. అప్పుడూ నడవలేదు.”

“ఎప్పుడు తెలిసింది మీకు?”

ఇవాళే అని చెప్పొచ్చు. ఆయన నమ్మేవారు. “ఆ రోజు ఈ బల్ల దగ్గరే తెలుసండీ,” అన్నాను.

ఆయన తిట్టలేదు. బీరువా తీసి పాత కాగితం వెతికి, ఎనిమిదిని ఎర్రసిరాతో కొట్టేసి మూడు వేశారు. పక్కన నన్ను సంతకం పెట్టమన్నారు. మర్నాటి నుంచే నర్సును పంపించారు, ఆవిడను సికింద్రాబాదు నుంచి వెనక్కి పిలిచారు. ఆవిడ రాగానే నేను కుర్చీలోంచి లేచాను. క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది, అడగలేదు. అన్నీ డాక్టరుగారి నోట వినే ఉంటుంది. ఆ సంగతేమీ ఎత్తకుండా ఆమె చెయ్యి ఎట్లున్నదని మాత్రం అడిగింది. వేళ్ళు ముడుచుకుపోయాయని చెప్పాను. సంచీ భుజాన వేసుకుని, కుర్చీలో కూర్చోకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నర్సూ, ఆవిడా ఎంత పాటుపడినా ఆ వేళ్ళు తెరుచుకోలేదు. పుండ్లు మానాయి, అంతే. ఆ తర్వాత ఏడాదికోసారి ఎవరు వెళ్ళి కొలిచినా మూడు పాళ్ళే వచ్చేవి. ఆమె మళ్ళీ ఒక్క కాజా కుట్టలేదు. 1977 వేసవిలో పోయింది. అంటే జబ్బు పడ్డాక అయిదేళ్ళు బతికింది.

నేను లెక్క వేశాను. ఎవరూ వెయ్యమనలేదు. అదే ఏడు, అదే జబ్బుతో, అదే మూడు పాళ్ళతో ఇంటికి చేరినవాళ్ళ కాగితాలు బీరువాలో ఉన్నాయి. మొదటి నెలల్లో నర్సు మానకుండా వెళ్ళిన ఇళ్ళల్లో వాళ్ళు మూడు నుంచి అయిదుకు వచ్చారు. తమ అన్నం తాము కలుపుకున్నారు, గోడ పట్టుకుని నాలుగడుగులు వేశారు. ఈమె మూడు దగ్గరే ఆగిపోయింది. ఏడాదికి రెండు పాళ్ళు తేడా. అయిదేళ్ళకు పది పాళ్ళు. యంత్రం అక్కర్లేని లెక్క. ఒక మనిషి బతుకులోంచి నిండు ఆరోగ్యంతో ఉండే ఒక ఏడాదిని నేను తీసేశాను. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, నేనూ వాడుకోలేదు.

ఆమె పోయిన కబురు తెలిసి నేను ఆ సందుకు వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే అక్కడ ఉంది. నేల మీద కూర్చుని, ఆ ముడుచుకున్న చేతిని రెండు చేతుల్లో పెట్టుకుని, చుట్టూ ఎవరున్నారో పట్టనట్టు బావురుమని ఏడుస్తోంది. ఆమె చెల్లెలు వచ్చి నాకు కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఎండన పడి వచ్చినవ్, జర కూసోమంది. నేను కూర్చున్నాను. ఏడవాలని ప్రయత్నించాను కానీ కన్నీళ్ళు రాలేదు. గదికి ఇవతల, కుర్చీ మీద, చేతిలో నీళ్ళ గ్లాసుతో, ఆ ఏడుపు ఆవిడకే దక్కిందని కడుపు మండుతూ కూర్చున్నాను.